శోధన యంత్రములు – యోగ్యానుపలబ్ధి: ప్రాచ్యభాషా పరిశోధకునకు అంతర్జాల శోధన విధానము

ఉపోద్ఘాతము

పరిశోధన వ్యాసములందును సిద్ధాంత గ్రంథములందును తరచుగా కనబడు వాక్యమొకటి కలదు: “ఈ పదమునకు అన్యత్ర ప్రయోగము కానరాదు.” ఒక తరమునకు పూర్వము ఈ వాక్యమును వ్రాయుటకు పరిశోధకుడు నిఘంటువులను, పదప్రయోగ సూచికలను, తనకు లభించిన కావ్యములను స్వయముగ పరిశీలింపవలసి యుండెను. నేడు శోధన యంత్రమునందు ఒక పదమును వ్రాసి, “ఫలితములు లేవు” అను సమాధానమును పొందిన అర్ధనిమిషములో అదే వాక్యము వ్రాయబడుచున్నది. రెండింటికిని వాక్యరూపము ఒక్కటియే. ప్రామాణ్యము కూడ ఒక్కటియే యగునా అనునది విచారణీయము.

ఈ విచారణ మన శాస్త్రములకు క్రొత్తది కాదు. భాట్ట మీమాంసకులును అద్వైత వేదాంతులును అనుపలబ్ధిని ఆరవ ప్రమాణముగ అంగీకరించిరి. వస్తువు ఉపలబ్ధము కాకపోవుటచేత దాని అభావము తెలియును. కాని అనుపలబ్ధి మాత్రమే చాలదు. అది యోగ్యానుపలబ్ధి కావలయును. అనగా, ఆ వస్తువు అచట ఉన్నయెడల తప్పక కనబడియుండును అని చెప్పగలిగినప్పుడే, కనబడకపోవుట అభావమునకు ప్రమాణమగును. వెలుగున్న గదిలో ఘటము కనబడనిచో ఘటము లేదనవచ్చును. చీకటి గదిలో కనబడనిచో అట్లనరాదు.

శోధన యంత్రము చెప్పు ‘లేదు’ అను మాట వెలుగున్న గదిలోనిదా, చీకటి గదిలోనిదా? దీనిని నిర్ణయించుటకు ఆ యంత్రము పనిచేయు తీరు తెలిసియుండవలయును. దానిని సంగ్రహముగ వివరించి, తెలుగు సంస్కృతముల విషయమున ఆ గదిలో వెలుగెంత కలదో పరిశీలించి, శోధన చేయవలసిన పద్ధతిని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

1. పదసూచి నుండి శోధన యంత్రము వరకు

శోధన యంత్రమునకు మూలమైన భావము మనకు చిరపరిచితము. బ్లూమ్‌ఫీల్డ్ పండితుడు 1906లో హార్వర్డ్ ప్రాచ్య గ్రంథమాలయందు ప్రకటించిన వైదిక పాదసూచి, వేదవాఙ్మయమునందలి మంత్రపాదములను అకారాది క్రమమున అమర్చి, ఒక్కొక్కటి యెచటెచట గలదో తెలుపుచున్నది. విశ్వబంధు శాస్త్రి సంపాదకత్వమున వెలువడిన వైదిక పదానుక్రమ కోశము పాదములను విడిచి పదములనే గ్రహించినది. గ్రంథమునందు స్థానము ముందు, పదము తరువాత. సూచియందు పదము ముందు, స్థానము తరువాత. ఈ వ్యత్యాసమే శోధన యంత్రమునకు ప్రాణము. సాంకేతికులు దీనిని విలోమ సూచి యని వ్యవహరింతురు.

అంతర్జాలమునందలి దస్త్రముల పేర్లకు సూచి కట్టిన తొలి సాధనము ‘ఆర్చీ’. 1990లో కెనడా దేశమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునందు ఇది రూపొందినది. వెబ్ పుటల సంపూర్ణ పాఠమునకు సూచి కట్టిన ‘వెబ్‌క్రాలర్’ 1994లోను, ‘ఆల్టావిస్టా’ 1995లోను వెలువడినవి. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు గూగుల్ సంస్థను స్థాపించిరి. ఆల్టావిస్టా 2013లో మూతపడినది. నేడు గూగుల్, బింగ్, డక్‌డక్‌గో మొదలగునవి వాడుకలో నున్నవి.

2. యంత్ర వ్యాపారము

శోధన యంత్రము చేయు పని మూడు దశలుగ నడచును: సంచారము, సూచీకరణము, క్రమనిర్ణయము. మనము ప్రశ్న వేసిన క్షణమున యంత్రము వెబ్ అంతయు వెదకుచున్నదను భావము సరికాదు. తాను పూర్వమే తిరిగి వచ్చి కట్టుకొన్న సూచిని మాత్రమే అది చూచును. సూచి యెక్కని పుట యంత్రమునకు లేనట్లే.

(అ) సంచారము. యంత్రమునకు చెందిన ఒక ప్రోగ్రాము తనకు తెలిసిన పుటలను తెరచి, వాటియందలి లంకెలను పట్టుకొని ఇతర పుటలకు పోవుచుండును. ఏ పుటకును లంకె లేని పుటను ఇది సాధారణముగ చేరజాలదు. సంకేతపదము అడుగు ద్వారములలో ప్రవేశింపదు. ప్రశ్న వ్రాసి మీట నొక్కినగాని పుటను చూపని దత్తాంశాగారముల లోపలి భాగము చాలవరకు దీనికి అగోచరము. ఫలాని భాగమునకు రావలదని స్థలనిర్వాహకులు ఆజ్ఞాపత్రముంచు సంప్రదాయము 1994 నుండి కలదు. పేరొందిన యంత్రములు దానిని పాటించును. ఒకసారి చూచిన పుటను మరల ఎప్పుడు చూచునో నియమము లేదు. కనుక నిన్న ప్రకటించిన పుట నేటి సూచియందు ఉండకపోవచ్చును.

(ఆ) సూచీకరణము. తెచ్చిన పుటను యంత్రము మాటలుగ విడదీయును. ఇచట ‘మాట’ యనగా వ్యాకరణ పదము కాదు; రెండు ఖాళీల నడుమ నుండు అక్షర సముదాయము. మూడు పుటలున్నవనుకొందము. మొదటిదానియందు ‘కవి కావ్యము వ్రాసెను’ అనియు, రెండవదానియందు ‘కావ్యము కవికి కీర్తి తెచ్చెను’ అనియు, మూడవదానియందు ‘కావ్యమందు రసము ప్రధానము’ అనియు గలదు. సూచియందు ‘కావ్యము’ అను మాట యెదుట 1, 2 అను పుటసంఖ్యలు చేరును. మూడవ పుట చేరదు. అచట నున్నది ‘కావ్యమందు’ అను వేరొక మాట. ‘కవి’, ‘కవికి’ అనునవి కూడ యంత్రమునకు రెండు మాటలు. ఆంగ్లమునందు ఒక మాటయొక్క వచన కాల భేదములను కలిపి చూచు నేర్పును యంత్రములు చాలకాలము క్రిందటనే సంపాదించినవి. తెలుగు విషయమున అంత నేర్పు లేదు. ఇటీవలి యంత్రములు అర్థసామీప్యమును బట్టి కూడ పుటలను తెచ్చుచున్నవి. ఇది విషయాన్వేషణమునకు ఉపకారము. పదప్రయోగాన్వేషణమునకు మాత్రము, అడిగిన పదము లేని పుటలను కూడ చూపుట వలన, ఒకప్పుడు అపకారము.

(ఇ) క్రమనిర్ణయము. దొరికిన వేల పుటలలో ఏది ముందు చూపవలయును? ఇందులకు పలు గుణములు లెక్కింపబడును. మొదటిది పదగౌరవము. ప్రతి పుటయందును ఉండు మాటకు విలువ తక్కువ, అరుదైన మాటకు విలువ ఎక్కువ. ఈ సూత్రమును కారెన్ స్పార్క్ జోన్స్ అను ఆంగ్ల విదుషి 1972లో నిరూపించినది. ‘ఒక’, ‘మరియు’ అను మాటలకన్న ‘అనుపలబ్ధి’ యను మాట పుటను నిర్దేశించుటలో సమర్థమని దీని సారము.

రెండవది లంకెల గౌరవము. గూగుల్ స్థాపకులు 1998లో ప్రకటించిన ‘పేజ్‌ర్యాంక్’ పద్ధతి ప్రకారము, ఒక పుటకు ఇతర పుటలనుండి వచ్చు లంకెలు ఆ పుటకు సాక్ష్యములు. సాక్షి గౌరవనీయుడైనచో సాక్ష్యమునకు విలువ హెచ్చును. ఒక పాఠకుడు నూటికి 85 పాళ్లు ఎదుటి లంకెలను పట్టుకొని పోవుచు, 15 పాళ్లు యథేచ్ఛగ ఏదో ఒక పుటకు దుముకుచుండెననుకొన్నచో, అతడు ఏ పుటపై ఎంత తరచుగ నుండునో గణించుటయే ఈ పద్ధతి. పరిశోధన పత్రములకు ఉల్లేఖనములను లెక్కించి విలువ కట్టు సంప్రదాయమునకు ఇది సోదరము. నేటి యంత్రములు ఈ రెండింటితోపాటు పాఠకుని ప్రదేశము, భాష, పుట ప్రకటించిన కాలము మొదలగు అనేకములను గణించుచున్నవి. వాటి పూర్తి వివరము సంస్థలు బయటపెట్టవు.

ఇందులో గ్రహింపవలసిన దొకటి. మొదటి స్థానమున నిలుచుట లోకప్రసిద్ధికి గుర్తు. ఆప్తత్వమునకు గుర్తు కాదు. ఒక తాళపత్రప్రతి యొక్క నిర్దుష్ట పాఠమును ఇచ్చిన పుటకు ఇద్దరు పండితులు మాత్రమే లంకె యిచ్చియుండవచ్చును. అదే పద్యమును తప్పులతో నిచ్చిన పుటకు వేలమంది ఇచ్చియుండవచ్చును. యంత్రము రెండవదానినే ముందు చూపును.

3. తెలుగు సంస్కృతములకు కలుగు అంతరాయములు

పైన చెప్పినది సర్వభాషలకును సమానము. మన భాషలకు ప్రత్యేకముగ కలుగు అంతరాయములు నాలుగు విధములు.

(అ) ఫాంటు భేదము. యూనికోడ్ అను సార్వత్రిక సంకేత పద్ధతియందు తెలుగు 1991 నాటి ప్రథమ ప్రకటన నుండియు కలదు. అయినను సామాన్య కంప్యూటరుపై తెలుగు యూనికోడ్ సుఖముగ కనబడుట 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తరువాతనే. అంతకుముందును, తరువాత చాలకాలమును, ముద్రణాలయములు అను ఫాంట్ల వంటి ప్రత్యేక ఫాంట్లతో పుస్తకములను కూర్చినవి. నేటికిని పలుచోట్ల కూర్చుచున్నవి. ఈ ఫాంట్లయందు రోమను అక్షర సంకేతములకు తెలుగు ఆకారములు తొడుగబడినవి. కంటికి తెలుగు, యంత్రమునకు అర్థములేని రోమను అక్షరముల వరుస. ఇట్టి పి.డి.ఎఫ్. ప్రతి అంతర్జాలమున ఉన్నను, అందలి ఏ తెలుగు పదమును అడిగినను యంత్రము చూపజాలదు.

(ఆ) చిత్రరూపము. భారతీయ డిజిటల్ గ్రంథాలయ ప్రణాళిక క్రింద స్కాన్ చేయబడిన తెలుగు సంస్కృత గ్రంథములు అనేకము నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌నందు లభించుచున్నవి. స్కాన్ ప్రతి పుటయొక్క చిత్రము మాత్రమే. చిత్రమునుండి అక్షరములను గుర్తించు ప్రక్రియ జరిగిననే అది శోధనకు లొంగును. ఆ ప్రక్రియ జరిగినచోట కూడ ప-వలు, ధ-థలు తారుమారగుట, అరసున్న జారిపోవుట, వత్తులు మారుట సామాన్యము. ప్రాతముద్రణములలో ఈ దోషములు హెచ్చు. మరియు ఆ గ్రంథముల పేర్లు రోమను లిపిలో, నియతమైన వర్ణక్రమము లేకుండ నమోదైనవి. ఒకే గ్రంథనామము దీర్ఘమునకు ఒకచోట ఒక ‘ఏ’తోను, మరియొకచోట రెండింటితోను కనబడును.

(ఇ) లిపి, వర్ణక్రమ భేదము. సంస్కృత గ్రంథమొకటి దేవనాగరిలోను, తెలుగు లిపిలోను, రోమను లిపిలోను ఉండవచ్చును. రోమను లిపియందు కూడ ఋకారమును కొందరు క్రింద చుక్కగల ‘ఆర్’ అక్షరముతోను, కొందరు పెద్ద ‘ఆర్’ అక్షరముతోను, కొందరు ‘ఆర్-ఆర్-ఐ’ యనియు వ్రాయుదురు. జర్మనీ దేశమున గ్యోటింగెన్ విశ్వవిద్యాలయమునందలి ‘గ్రెటిల్’ భాండారము సంస్కృత పాఠములను చుక్కలు, గీతలు గల రోమను లిపిలో ఉంచినది. విదేశాంధ్రులు 1990వ దశకమున తెలుగును వ్రాసికొన్న రోమను పద్ధతి రైస్ విశ్వవిద్యాలయము పేర ప్రసిద్ధమైనది; నాటి చర్చలు, పద్యములు ఆ రూపముననే నిలిచియున్నవి.

తెలుగు లిపియందు కూడ ‘సంధి – సన్ధి’, ‘అంకము – అఙ్కము’, ర-ఱలు, చకార జకారముల దంత్య రూపములు, అరసున్న యుండుట లేకుండుట అను భేదములు కలవు. విసర్గకు బదులు కోలన్ చిహ్నమును వ్రాసిన పుటలు తక్కువ కావు. కంటికి రెండును ఒక్కటే, యంత్రమునకు వేరు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల నడుమ కలయికను ఆపుటకు వాడు కనబడని చిహ్నము కూడ ఒకప్పుడు సరిపోలికను చెడగొట్టును.

(ఈ) సంధి సమాసములు. ఇది మిక్కిలి ప్రధానము. పై మూడును కాలక్రమమున తొలగవచ్చును, ఇది భాషాస్వభావము. సంస్కృతమున ‘తత్ శ్రుత్వా’ అనునది ‘తచ్ఛ్రుత్వా’ అగును. ‘శ్రుత్వా’ యను పదమును అడిగినచో ఈ పుట రాదు.

తెలుగున పదాది వర్ణమే మారును. ‘చెలువము’ అను పదమునకు ప్రయోగములు వెదకవలసి వచ్చినదనుకొందము. ప్రథమమీది పరుషములకు గసడదవలు వచ్చునను సూత్రముచేత ‘రూపు సెలువమై’ యనియు, ద్రుతముమీది పరుషములకు సరళములు వచ్చునను సూత్రముచేత ‘చూచెను జెలువము’ అనియు నుండవచ్చును. కనుక పదాది మూడు విధములు: చె, సె, జె. నడుమ ‘లు’కారము నిలిచి ‘చెలువ’ యనియు, లోపించి ‘చెల్వ’ యనియు రెండు విధములు. చివర ము, ంబు, మ్ము అను మూడును, నేటివారి పూర్ణబిందువును కలిసి నాలుగు విధములు. మూడును రెండును నాలుగును గుణింపగా 24 రూపములు. ఇవి ప్రథమావిభక్తికి మాత్రమే. చెలువమునకు, చెలువంబున మొదలగు విభక్తిరూపములు వేరు. ‘చెలువము’ అని ఒక్కసారి వ్రాసి వెదకినవాడు 24 ద్వారములలో ఒకదానిని మాత్రమే తట్టినవాడు.

దీనికి తోడు పద్యవిన్యాసము. వృత్తములందు పాదాంతమున పదము విరుగుట సహజము. ముద్రణమున ‘చెలు’ అను భాగము ఒక పంక్తి చివరను, ‘వము’ అను భాగము తరువాతి పంక్తి మొదటను నిలుచును. యంత్రము వీనిని రెండు మాటలుగ ఎంచును. అట్టి ప్రయోగము 24 రూపములలో దేనిచేతను దొరకదు.

4. శోధన విధానము

పై అంతరాయములను తెలిసినవాడు అనుసరింపదగిన పద్ధతిని క్రమముగ చెప్పుచున్నాను.

మొదట కాగితముపై రూపములను వ్రాసికొనవలయును. సంధిరూపములు, వర్ణక్రమ భేదములు, విభక్తిరూపములు ముందుగనే సిద్ధము చేసికొనిన పిమ్మటనే కీబోర్డును తాకవలయును. వ్యాకరణ పాండిత్యము ఇచట నేరుగ ఉపయోగపడును. సాంకేతికుడు చేయలేని పనిని ప్రాచ్యకళాశాలాధ్యాపకుడు చేయగలడు.

రెండవది, ఉద్ధరణ చిహ్నముల ప్రయోగము. రెండు మూడు మాటలను ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచినచో యంత్రము అదే వరుసలో గల పుటలనే వెదకును. పద్యమును వెదకునప్పుడు పద్యమంతయు వ్రాయరాదు. ఒక్క పాఠాంతరము వచ్చినను సరిపోలిక చెడును. నాలుగు పాదములనుండి నాలుగు చిన్న ముక్కలను గ్రహించి, నాలుగుసార్లు వేర్వేరుగ వెదకవలయును. ముక్కయందు అరుదైన మాట యుండవలయును. అంచులయందు సంధికి లోబడు వర్ణములు లేకుండుట మేలు. ఈ నాలుగు శోధనల ఫలములను పోల్చినచో పాఠాంతరములు వాటంతట అవియే బయటపడును.

మూడవది, స్థలనిర్దేశము. ‘సైట్’ అను ఆంగ్లపదమును రోమను లిపిలో చిన్న అక్షరములతో వ్రాసి, ఎడము లేకుండ కోలన్ చిహ్నమును, దానివెంట స్థలముయొక్క చిరునామాను వ్రాసినచో, శోధన ఆ స్థలమునకే పరిమితమగును. ఇట్లే ‘ఫైల్‌టైప్’ అను పదమును వ్రాసి కోలన్ తరువాత ‘పిడిఎఫ్’ అని రోమను లిపిలో చేర్చినచో పి.డి.ఎఫ్. ప్రతులు మాత్రమే వచ్చును. వలదన్న మాటకు ముందు తీసివేత గుర్తు నుంచినచో ఆ మాటగల పుటలు తొలగును. శ్రీనాథుడను కవిని వెదకునప్పుడు అదే పేరుగల నేటి వ్యక్తుల పుటలు అడ్డువచ్చినచో ఇది ఉపకరించును.

నాల్గవది, ప్రశ్న వాక్యమును గూర్చిన వివేకము. విషయమును వెదకునప్పుడు మనము అడుగు మాటలు కాక, ఆ పుటను వ్రాసినవాడు వాడియుండు మాటలను ఊహించి వ్రాయవలయును. సిద్ధాంత గ్రంథములకు ‘అనుశీలనము’, ‘పరిశీలన’, ‘సమీక్ష’ అను మాటలు శీర్షికలయందు మెండు. వాటిని కవినామముతో జోడించిన ఫలము శీఘ్రముగ లభించును.

ఐదవది, భాండారముల లోపలి శోధన. సామాన్య యంత్రము చేరలేని చోట్లకు మనమే పోవలయును. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపు శోధ్‌గంగయందు భారతీయ విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములు కలవు. దాని లోపలి పెట్టెయందే వెదకవలయును. శీర్షికలను తెలుగు లిపిలోను రోమను లిపిలోను రెండు విధముల అడుగవలయును. ఇంటర్నెట్ ఆర్కైవ్‌నందు గ్రంథవివరములలో వెదకుట వేరు, గ్రంథపాఠములో వెదకుట వేరు, రెండును చేయవలయును. తెలుగు నిఘంటువులకు ఆంధ్రభారతి స్థలమును, సంస్కృత నిఘంటువులకు కొలోన్ విశ్వవిద్యాలయ భాండారమును నేరుగ దర్శింపవలయును.

ఆరవది, సంధివిచ్ఛేద సాధనములు. హైదరాబాదు విశ్వవిద్యాలయ సంస్కృతాధ్యయన విభాగమునందు అంబా కులకర్ణిగారి ఆధ్వర్యమున రూపొందిన ‘సంసాధనీ’యును, ఫ్రాన్సు దేశమున జెరార్ హ్యూయే పండితుడు నిర్మించిన సంస్కృత సాధనములును సంధులను విడదీయగలవు. ఆలివర్ హెల్విగ్ నిర్మించిన సంస్కృత పాఠభాండారమున వాక్యములు ముందే పదచ్ఛేదము చేయబడియుండుటచేత ప్రాతిపదికను అడిగి ప్రయోగములను పొందవచ్చును. ఇది శోధన యంత్రముకన్న పదానుక్రమ కోశమునకు సమీపము. ప్రాచీన తెలుగు పద్యములకు ఇంతటి సౌకర్యము ఇంకను సమకూడవలసియున్నది.

5. లభించిన ఫలముల ప్రామాణ్యము

దొరకనిదానిని గూర్చి మాత్రమే కాదు. దొరికినదానిని గూర్చియు జాగరూకత వలయును.

యంత్రము చూపు ఫలసంఖ్య అంచనా మాత్రమే. ఒకే ప్రశ్నకు వేర్వేరు సమయములందు వేర్వేరు సంఖ్యలు రావచ్చును. “అంతర్జాలమున ఇన్ని వేల చోట్ల కలదు” అని వ్యాసమునందు వ్రాయుట శోభింపదు.

సంఖ్య యథార్థమైనను అది సాక్ష్యముల సంఖ్య కాదు. ఒకరు వ్రాసిన పుటను వందమంది యథాతథముగ ఎత్తి వ్రాయుదురు. వేమన మకుటము చేరిన పద్యములు, శ్రీనాథునకు ఆరోపింపబడిన చాటువులు ఈ విధముగ వ్యాపించినవి. పూనా భాండార్కర్ ప్రాచ్యవిద్యా సంస్థ ప్రకటించిన మహాభారత పరిష్కరణమునకు నాయకుడైన సుక్‌ఠణ్‌కర్ పండితుడు, లిఖితప్రతుల వంశవృక్షమును నిర్మించి పాఠనిర్ణయము చేసెను. ఒకే మాతృక నుండి పుట్టిన పది ప్రతులు పది సాక్ష్యములు కావు, ఒక్కటియే యగునని పాఠపరిష్కర్తలకు తెలిసిన విషయమే. ఆ న్యాయమే వెబ్ పుటలకును వర్తించును. ఒకే ముద్రణదోషము పది పుటలయందు కనబడినచో అవి ఏకమాతృకములని నిశ్చయింపవచ్చును. మాతృకను పట్టుకొని, అది యే ముద్రిత గ్రంథమునుండి గ్రహించెనో విచారించి, ఆ గ్రంథమునే ఉల్లేఖింపవలయును.

2024 నుండి గూగుల్ శోధన కొన్ని ప్రశ్నలకు పుటల పట్టికకు పైన కృత్రిమ మేధ కూర్చిన సమాధానమును కూడ చూపుచున్నది. ఇది పూర్వము వ్రాయబడిన పుట కాదు. అప్పటికప్పుడు అల్లిన వాక్యము. వక్త యెవరో నిర్దేశింపజాలని వాక్యమునకు ఆప్తవాక్యత్వము సిద్ధింపదు. లేని పద్యమును ఉన్నట్లు, ఒకరి గ్రంథమును మరియొకరిదిగ చెప్పుట ఇట్టి సమాధానములందు సంభవము. క్రింద చూపిన లంకెలను తెరచి మూలమును చూచుటకు మార్గదర్శిగ మాత్రమే దీనిని గ్రహింపవలయును.

వెబ్ పుట అస్థిరము. నేడున్నది రేపు మారును, లేక మాయమగును. గూగుల్ తన వద్ద దాచిన పాతప్రతిని చూపు సౌకర్యమును 2024లో తొలగించినది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ‘వేబ్యాక్ మెషీన్’ నందు పుటను భద్రపరచి, ఆ ప్రతియొక్క చిరునామాను, దర్శించిన తేదీని వ్యాసమున చేర్చుట ఉత్తమము.

6. యోగ్యతా పరీక్ష – అభావ ప్రకటనము

‘లేదు’ అని వ్రాయుటకు ముందు వెలుగును పరీక్షింపవలయును. దానికి సులభమైన ఉపాయములు రెండు.

మొదటిది: వెదకుచున్న గ్రంథముయొక్క డిజిటల్ ప్రతిని తెరచి, అందలి ఒక పంక్తిని ఎంచి కాపీ చేసి వేరొకచోట అతికించి చూడవలయును. తెలుగు అక్షరములే వచ్చినచో అది శోధనయోగ్యము. అర్థములేని రోమను అక్షరములు వచ్చినచో ఫాంటు దోషము. ఏమియు ఎంచుటకు వీలుకానిచో అది చిత్రము.

రెండవది: ఆ గ్రంథమున తప్పక ఉన్నదని మనము కన్నులార చూచిన ఒక పదమును అదే యంత్రమున, అదే పద్ధతిని అడుగవలయును. ఉన్నదని తెలిసినదానిని చూపలేని యంత్రము లేదన్నచో ఆ మాటకు విలువ లేదు.

ఈ పరీక్షలు నెగ్గిన పిమ్మట కూడ ప్రకటనము సావధికముగ నుండవలయును. “ఈ పదమునకు అన్యత్ర ప్రయోగము లేదు” అనుటకు బదులు ఇట్లు వ్రాయవచ్చును: “ఈ పదమును 24 రూపములతో ఫలాని భాండారములందు ఫలాని తేదీన వెదకితిని. పాఠరూపమున నున్న ఫలాని గ్రంథములందు కానరాలేదు. చిత్రరూపమున నున్న ఫలాని గ్రంథములను పుటపుటయు పరిశీలించితిని. ఫలానివి పరిశీలింపబడలేదు.” వాక్యము దీర్ఘమైనది నిజమే. కాని తరువాతి పరిశోధకుడు ఎచట ఆరంభింపవలయునో ఇది చెప్పుచున్నది; మొదటి వాక్యము అతని మార్గమును మూసివేయుచున్నది. పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథములను పరీక్షించువారు అభావ వాక్యము కనబడిన ప్రతిచోటను ఈ వివరమును అడుగుట న్యాయము.

ఉపసంహారము

శోధన యంత్రము పదసూచికి పెద్దరూపము. సూచికర్త విద్వాంసుడు గనుక బ్లూమ్‌ఫీల్డ్ సంకలనమున అనుపలబ్ధికి గౌరవము కలిగినది. యంత్రము అక్షరములను మాత్రమే ఎరుగును గనుక, యోగ్యతను సమకూర్చు భారము వెదకువానిదైనది. సంధిని, వర్ణక్రమమును, పాఠపరిష్కరణ న్యాయమును ఎరిగిన ప్రాచ్యభాషాధ్యాపకునకు ఈ భారమును వహించు సామర్థ్యము స్వతఃసిద్ధముగ కలదు. దానిని విద్యార్థులకు బోధించుటకు ప్రత్యేకమైన యంత్రశాల అవసరము లేదు. సంధి పాఠము ముగిసిన పిమ్మట ఒక పదమునకు ఎన్ని శోధనరూపములు కలుగునో వ్రాయింపుట చాలును.

తుదకు మన పత్రికలను గూర్చి ఒక్క మాట. ప్రాచ్యకళాశాలల పరిశోధన పత్రికలు ఎన్నియో యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్పబడినవి. వానియందలి విలువైన వ్యాసములు ఏ యంత్రమునకును కనబడక, అదే విషయముపై “ఇంతవరకు ఎవరును వ్రాయలేదు” అను వాక్యముతో క్రొత్త వ్యాసములు పుట్టుటకు అవకాశమిచ్చుచున్నవి. ఇకపై ప్రతి సంచికను యూనికోడ్‌లో కూర్చుట, వ్యాసశీర్షికను రచయిత పేరును తెలుగు, రోమను లిపులు రెండింటియందు నిచ్చుట, పూర్వసంచికల విషయసూచికలనైనను యూనికోడ్‌లోనికి మార్చి అందుబాటున నుంచుట వ్యయసాధ్యములు కావు. పాత ఫాంటు పాఠమును మార్చు ప్రోగ్రాములు లభ్యములే. సంపాదకవర్గములు ముందుగ విషయసూచికలతో ఈ పని నారంభించిన, ఒక్క సెలవుకాలములో ఒక పత్రికయొక్క పూర్వసంచికలన్నియు శోధకుల దృష్టికి రాగలవు.